కొలెస్ట్రాల్ కబురు: కణం లోపల మెసేజ్ మధ్యలో ఆగిపోతే?

అర్ధరాత్రి నిద్ర లేపి "కణంలో పవర్‌హౌస్ ఏది?" అని అడిగినా టక్కున చెప్పేస్తారు మీరు, మైటోకాండ్రియా అని. స్కూల్ అయిపోయి, ఇంటర్ అయిపోయి, ఆ తర్వాత నాలుగేళ్లు వేరే ఏదో చదివినా ఆ ఒక్క ముక్క మాత్రం బుర్రలోంచి పోదు. ఆ పాఠంలో ఒక బొమ్మ కూడా ఉండేది. గుండ్రంగా కణం, మధ్యలో కేంద్రకం, దాని చుట్టూ మడతలు మడతలుగా అంతర్జీవ ద్రవ్యజాలం, పక్కన దోసెలు పేర్చినట్టు గాల్జీ, అక్కడక్కడా చుక్కల్లా లైసోజోములు. పెన్సిల్‌తో గీసి, స్కేల్ పెట్టి గీతలు లాగి, పేర్లు రాసి మార్కులు తెచ్చుకున్నాం.

ఆ బొమ్మతో నాకో ఇబ్బంది ఉంది. అందులో డబ్బాలున్నాయి కానీ బాణాలు లేవు. సాఫ్ట్‌వేర్‌లో ఎవరైనా పది డబ్బాలు గీసి, వాటి మధ్య ఒక్క బాణం కూడా లేకుండా "ఇదే మన సిస్టమ్ డిజైన్" అని తెస్తే, మొదటి ప్రశ్నే "ఇవి ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయి?" అని వస్తుంది. సర్వర్లు అన్నీ బాగానే ఉండి, మధ్యలో మెసేజ్ చేరక సిస్టమ్ మొత్తం పడిపోయిన రోజులు ఆ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. కణంలోనూ సరిగ్గా అలాంటివే జరుగుతాయి. ఈరోజు ఎపిసోడ్ దాని గురించే.

కణంలో కబుర్లు వందల రకాలు. అన్నీ చెప్తే మీరు ఇక్కడే నిద్రపోతారు. అందుకే ఒక్కటే తీసుకుంటున్నా, కొలెస్ట్రాల్ కబురు. ఎందుకంటే అది మన ఇళ్లలోనే ఉంది. నాన్నగారి మందుల డబ్బా తీసి చూడండి. అటోర్వాస్టాటిన్ అనో రోసువాస్టాటిన్ అనో ఒక స్ట్రిప్ ఉండే అవకాశం చాలా ఎక్కువ. "రాత్రి పూట వేసుకునే కొలెస్ట్రాల్ గోళీ" అంటారు కదా, అదే. ఆ గోళీ కొలెస్ట్రాల్‌ని కరిగించేస్తుందని చాలామంది అనుకుంటారు. అది రక్తంలో దేన్నీ కరిగించదు. అది చేసే పని లివర్ కణం లోపల ఒక కబురు పుట్టించడం. అదెలాగో ముందు చూద్దాం. తర్వాత అదే దారిలో కబురు ఆగిపోయి పిల్లల ప్రాణాలు తీసే ఒక జబ్బు గురించి చెప్తాను.

ముందుగా ఒక మాట. కొలెస్ట్రాల్ విలన్ కాదు. మన ప్రతి కణం పైపొరలో అది ఉండాలి. లేకపోతే ఆ పొరకి సరైన గట్టిదనం రాదు. కణం దాన్ని రెండు రకాలుగా తెచ్చుకుంటుంది. ఒకటి, ఇంట్లో వండుకోవడం. రెండు, బయట నుంచి తెప్పించుకోవడం. వండుకునే వంటగది ఈఆర్. అంతర్జీవ ద్రవ్యజాలం అని ప్రతిసారీ అంటే నా నాలుక మడత పడుతుంది, కాబట్టి ఈఆర్ అనేస్తాను. బయట నుంచి వచ్చేది ఎల్‌డీఎల్ అనే పార్సిల్‌లో, రక్తం ద్వారా. కణం పైపొర మీద ఎల్‌డీఎల్ రిసెప్టర్లు అనే కొక్కేల్లాంటివి ఉంటాయి. అవి పార్సిల్‌ని పట్టుకుని లోపలికి లాగుతాయి. పార్సిల్ నేరుగా లైసోజోముకి వెళ్తుంది. అక్కడ దాన్ని విప్పి, కొలెస్ట్రాల్ బయటికి తీస్తారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. "ఇంట్లో సరుకు సరిపోయిందా, ఇంకా కావాలా?" అని ఎవరు చూస్తారు?

ఇక్కడో తమాషా ఉంది. కణంలోని కొలెస్ట్రాల్‌లో చాలా భాగం పైపొరలో ఉంటుంది. ఈఆర్‌లో ఉండేది మొత్తంలో సుమారు ఒక శాతం. కానీ లెక్క చూసే మీటర్ మాత్రం ఈఆర్‌లోనే బిగించి ఉంది. మొదటిసారి చదివినప్పుడు ఇదేం డిజైన్ రా బాబూ అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే భలే తెలివైన పని అనిపించింది. పెద్ద ఓవర్‌హెడ్ ట్యాంకులో రెండు బకెట్ల నీళ్లు తగ్గితే బయట నుంచి చూసి చెప్పలేం. చిన్న గిన్నెలో రెండు చెంచాలు తగ్గినా కనిపించేస్తుంది. ఈఆర్ ఆ చిన్న గిన్నె. 2008లో డల్లాస్‌లో అరుణ్ రాధాకృష్ణన్, గోల్డ్‌స్టీన్, బ్రౌన్, ఇంకో సహచరుడు కలిసి దీన్ని కొలిచారు. ఈఆర్ పొరలోని కొవ్వు అణువుల్లో కొలెస్ట్రాల్ సుమారు 5 శాతం దాటితే స్విచ్ ఆఫ్, తగ్గితే స్విచ్ ఆన్. ఫ్యాన్ రెగ్యులేటర్‌లా మెల్లగా తిరిగేది కాదు, లైట్ స్విచ్‌లా టక్ మని పడేది.

స్విచ్ ఆన్ అయితే ఏమవుతుందంటే, ఈఆర్ పొరలో ఎస్‌ఆర్‌ఈబీపీ అనే ప్రొటీన్ ఉంటుంది. అది చీటీ. దాని పక్కనే స్కాప్ అని ఇంకో ప్రొటీన్. అది చీటీని పట్టుకెళ్లే మనిషి, కొలెస్ట్రాల్ ఎంతుందో చూసే మీటర్ కూడా అదే. కొలెస్ట్రాల్ సరిపడా ఉంటే అది స్కాప్‌కి అంటుకుంటుంది, ఇన్సిగ్ అనే మూడోది స్కాప్‌ని కదలనివ్వకుండా పట్టుకుంటుంది. కొలెస్ట్రాల్ తగ్గగానే పట్టు వదులుతుంది. స్కాప్ చీటీని తీసుకుని చిన్న బుడగలో ఎక్కి గాల్జీకి పోతుంది. గాల్జీలో రెండు కత్తెరలుంటాయి, అంటే రెండు ఎంజైములు. అవి ఆ ప్రొటీన్‌ని రెండు చోట్ల కోస్తాయి. తెగిన ముక్క కేంద్రకంలోకి వెళ్లి డీఎన్‌ఏ మీద కూర్చుని రెండు ఆర్డర్లు వేస్తుంది. "వంట మొదలుపెట్టండి", "గేటు దగ్గర కొక్కేలు పెంచండి".

చూశారా, ఒక్క కబురు కోసం ఎన్ని గదులు కదిలాయో! ఈఆర్‌లో పుట్టింది, గాల్జీలో తెగింది, కేంద్రకంలో చదివారు, పైపొర మీద అమలైంది. మన బొమ్మలో లేని బాణాలు ఇవే.

ఇప్పుడు నాన్నగారి గోళీ దగ్గరికి వద్దాం. కొలెస్ట్రాల్ వంటలో హెచ్‌ఎంజీ కోఏ రిడక్టేజ్ అని ఒక ఎంజైమ్ ఉంది. స్టాటిన్ ఆ ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. లివర్ కణంలో వంట తగ్గుతుంది, ఈఆర్‌లో కొలెస్ట్రాల్ పడిపోతుంది, స్విచ్ ఆన్ అవుతుంది, చీటీ కేంద్రకానికి చేరుతుంది, గేటు దగ్గర కొక్కేలు పెరుగుతాయి. ఆ కొక్కేలు రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని ఎక్కువగా లాగేస్తాయి. ల్యాబ్ రిపోర్టులో ఎల్‌డీఎల్ అంకె తగ్గుతుంది. అంటే రక్తంలో అంకె తగ్గించే పనిలో పెద్ద భాగం గోళీది కాదు, గోళీ పుట్టించిన కబురుది.

ఈ మందు ఎలా దొరికిందో చెప్పకుండా ముందుకు పోలేను. జపాన్‌లో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త 1970ల మొదట్లో 6,000కు పైగా బూజులు, శిలీంధ్రాల రకాలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. చివరికి క్యోటోలోని ఒక ధాన్యం కొట్టులో బియ్యం మీద పెరిగిన నీలి ఆకుపచ్చ బూజులో మొదటి స్టాటిన్ దొరికింది. సంతోషంగా ఎలుకలకి పెట్టారు. రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గలేదు! కంపెనీలో చాలామంది ఆశ వదిలేసుకున్నారు. ఎలుకల్లో జరిగింది ఇప్పుడు మీరు కూడా ఊహించగలరు. వంట ఆగగానే కబురు వెళ్లింది, "వంట మొదలుపెట్టండి" అనే ఆర్డర్ గట్టిగా పడింది, లివర్ ఆ ఎంజైమ్‌నే ఎన్నో రెట్లు ఎక్కువ తయారుచేసేసింది. మందు అడ్డుకున్నదాన్ని కణం మళ్లీ పూడ్చేసింది. తర్వాత కోళ్లకి పెడితే కొలెస్ట్రాల్ బాగా తగ్గింది. కోళ్ల మీద పరీక్షించే అవకాశం కూడా ఎండోకి ఒక సహోద్యోగితో బార్‌లో కూర్చుని మాట్లాడుతుంటే వచ్చింది. అమెరికాలో మొదటి స్టాటిన్‌కి అనుమతి వచ్చింది 1987లో. ఎండో 2024లో చనిపోయారు, నోబెల్ రాకుండానే. నాకైతే అది అన్యాయం అనిపిస్తుంది.

నోబెల్ వచ్చింది, ఆ దారిని కనిపెట్టిన డల్లాస్ జంట మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకి, 1985లో. వాళ్లు మొదలుపెట్టింది వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండే పిల్లల నుంచి. చిన్న వయసులోనే గుండెపోట్లు వచ్చే పిల్లలు వాళ్లు. ఆ పిల్లల చర్మ కణాలు తీసుకుని ల్యాబ్‌లో పెంచి, ఎల్‌డీఎల్ పోశారు. మామూలు కణాలైతే "సరుకు వచ్చింది, వంట ఆపు" అంటాయి. ఈ పిల్లల కణాలు ఎంత పోసినా వంట ఆపలేదు. ఎందుకంటే గేటు దగ్గర కొక్కేలే లేవు. పార్సిల్ లోపలికి రావడమే లేదు.

సరే, ఇది గేటు సమస్య. ఇప్పుడు గేటు బాగానే ఉండి, లోపల దారి మూసుకుపోతే?

హైదరాబాద్‌లో గేటెడ్ కమ్యూనిటీలో ఉన్నవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. మీరు బియ్యం ఆర్డర్ చేశారు. డెలివరీ అబ్బాయి గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో పెట్టి వెళ్లిపోయాడు. అక్కడి నుంచి మీ ఫ్లాట్‌కి పైకి తెచ్చే మనిషి ఈరోజు రాలేదు. అమ్మ డబ్బా మూత తీసి చూస్తే బియ్యం లేవు. "ఇంకా రాలేదురా, మళ్లీ ఆర్డర్ పెట్టు" అంటుంది. మీరు పెడతారు. అదీ సెక్యూరిటీ గదిలోకే పోతుంది. రేపు మళ్లీ. వారం తిరిగేసరికి కింద గది నిండా బియ్యం బస్తాలు, పైన ఖాళీ డబ్బా. ఇక్కడ అమ్మ తప్పు ఏమీ లేదు. ఆమె చూసే డబ్బా నిజంగానే ఖాళీగా ఉంది.

ఈ జబ్బు పేరు నీమన్ పిక్ టైప్ సి. ఎన్‌పీసీ అంటారు. సెక్యూరిటీ గది లైసోజోము. పైకి తెచ్చే మనిషి ఎన్‌పీసీ1 అనే ప్రొటీన్, లైసోజోము పొరలో ఉంటుంది. ఎన్‌పీసీ2 అనే చిన్న ప్రొటీన్ లోపల కొలెస్ట్రాల్‌ని ఎత్తి దాని చేతికి అందిస్తుంది. ఈ రెండిట్లో ఏది పాడైనా కొలెస్ట్రాల్ లైసోజోములో చిక్కుకుపోతుంది. సుమారు 95 శాతం కేసుల్లో పాడయ్యేది ఎన్‌పీసీ1. ఈఆర్ తన చిన్న గిన్నెలోకి చూసుకుంటుంది, కొలెస్ట్రాల్ లేదు. చీటీ పంపుతుంది. వంట పెంచుతుంది, కొక్కేలు పెంచుతుంది. ఇంకా పార్సిళ్లు వచ్చి ఇంకా చిక్కుకుంటాయి. ఈఆర్ బాగానే పనిచేస్తోంది, గాల్జీ బాగానే పనిచేస్తోంది, గేటు బాగానే ఉంది. చేరాల్సిన కబురు చేరలేదు, అంతే. కణం నిండా కొలెస్ట్రాల్ ఉన్నా కణం ఆకలితో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది.

రక్త పరీక్షలో మామూలు కొలెస్ట్రాల్ అంకె చూస్తే ఈ జబ్బు దొరకదు. ఎందుకంటే సమస్య రక్తంలో లేదు, కణం లోపల ఒక గదికీ ఇంకో గదికీ మధ్య ఉంది.

ఇది అరుదైన జబ్బు, పుట్టే లక్ష మందిలో ఒకరికి అటూ ఇటూగా వస్తుంది. కొందరిలో పుట్టగానే పచ్చకామెర్లు వచ్చి చాలారోజులు తగ్గవు, లివర్, ప్లీహం పెరుగుతాయి. ఇంకొందరిలో స్కూలుకెళ్లే వయసు దాకా ఏమీ తెలియదు. తర్వాత నడకలో తడబాటు మొదలవుతుంది. చేతిరాత పాడవుతుంది. బాగా చదివే పిల్లాడు వెనకబడతాడు. కళ్లను చటుక్కున పైకీ కిందకీ కదపలేడు, మెట్లు దిగేటప్పుడు కళ్లకి బదులు తలంతా వంచుతాడు. కొందరు పిల్లలు గట్టిగా నవ్వితే ఒంట్లో పట్టు తప్పి కూలబడిపోతారు. ఇంట్లోవాళ్లు "అల్లరి, అశ్రద్ధ" అనుకుంటారు. టీచర్లూ అదే అంటారు. నిజానికి మెదడులో, ముఖ్యంగా చిన్నమెదడులో న్యూరాన్లు చనిపోతుంటాయి. పేరు దొరకడానికే ఏళ్లు పట్టే కుటుంబాలున్నాయి. మెల్లగా మింగడం, మాట్లాడటం కూడా పోతాయి.

అమెరికాలో ఆరా పార్సేగియన్ అని చాలా పేరున్న ఫుట్‌బాల్ కోచ్ ఉండేవారు, నోటర్ డామ్ యూనివర్సిటీ జట్టుకి. ఆయన మనవల్లో ముగ్గురికి, ఒకే ఇంటి పిల్లలకి, ఈ జబ్బు ఉందని 1994లో తెలిసింది. కుటుంబం అదే ఏడాది ఫౌండేషన్ పెట్టి పరిశోధనకి డబ్బు పోగుచేసింది. 1997లో ఎన్‌పీసీ1 జీన్ దొరికింది. పిల్లలు ముగ్గురూ దక్కలేదు. కానీ ఈరోజు నేను మీకు ఈ కథ ఇంత వివరంగా చెప్పగలుగుతున్నానంటే అలాంటి కుటుంబాల వల్లే.

జీన్ దొరికాక ఒక విషయం బయటపడింది, నాకు ఒళ్లు జలదరించింది చదివినప్పుడు. ఎన్‌పీసీ1 ప్రొటీన్‌లో ఒక భాగం అచ్చం స్కాప్‌లో ఉన్న భాగంలా ఉంది. స్టాటిన్ అడ్డుకునే ఎంజైమ్‌లో కూడా అదే పోలిక. ప్రకృతి ఒకే కోడ్ ముక్కని కాపీ పేస్ట్ చేసి, కొలెస్ట్రాల్‌తో పనున్న మూడు చోట్లా వాడుకుందన్నమాట.

ఇంకో పక్క కథ చెప్పి మళ్లీ దారిలోకొస్తా. 2011లో తేలింది, ఎబోలా వైరస్ కణంలోకి దూరడానికి వాడుకునే తలుపు కూడా ఈ ఎన్‌పీసీ1 ప్రొటీనే. ఎన్‌పీసీ ఉన్నవాళ్ల కణాలను ల్యాబ్‌లో పెట్టి ఎబోలాతో కలిపితే వైరస్ లోపలికి పోలేకపోయింది. మన సామాన్లు మోసే మనిషి భుజం మీద చెయ్యేసి దొంగ లోపలికి వచ్చేస్తున్నాడు.

మరి మంచి ఆరోగ్యంలో కొలెస్ట్రాల్ లైసోజోము నుంచి ఈఆర్ దాకా ఎలా చేరుతుంది? బుడగల్లో ఎక్కి వెళ్తుందని ఒకప్పుడు అనుకునేవాళ్లు. ఇప్పుడు తెలిసింది వేరు. కణంలో ఈఆర్ అన్ని కణాంగాల పక్కకీ పాకుతుంది. చాలాచోట్ల రెండు పొరలు 10 నుంచి 30 నానోమీటర్ల దూరంలో ఆగుతాయి. అతుక్కోవు, కలిసిపోవు. ఇరుకు సందులో ఎదురెదురు డాబాల మీద నిలబడి పక్కింటావిడకి కూర గిన్నె చేతికందించినట్టు, ప్రొటీన్లు ఈ పొర నుంచి ఆ పొరకి కొవ్వు అణువుల్ని అందిస్తాయి. లైసోజోము నుంచి బయటపడ్డ కొలెస్ట్రాల్‌లో చాలా భాగం ముందు పైపొరకి వెళ్తుంది. పైపొర నిండాక మిగిలింది ఈఆర్‌కి దిగుతుంది. అలా దింపే ప్రొటీన్లకి 2018లో ఆస్టర్ అని పేరు పెట్టారు. మైటోకాండ్రియాకి కూడా ఈఆర్‌తో ఇలాంటి సందులే ఉన్నాయి, అక్కడ కాల్షియం, కొవ్వులు చేతులు మారతాయి. అది ఇంకో ఎపిసోడ్ అంత కథ.

కామెంట్లలో ఎవరైనా కచ్చితంగా అడుగుతారు, "బ్రో, స్టాటిన్ వేస్తే ఎన్‌పీసీ తగ్గదా?" అని. తగ్గదు. సెక్యూరిటీ గదిలో బస్తాలు పేరుకుపోయాయని ఫ్లాట్‌లో స్టవ్ ఆపేస్తే ఏం లాభం? పైగా ఎల్‌డీఎల్ రక్తం నుంచి మెదడులోకి వెళ్లదు. మెదడు తన కొలెస్ట్రాల్ తానే చేసుకుంటుంది, కణాల మధ్య తానే పంచుకుంటుంది. ఆగిన చోటు తెరవాలి, లేదా ఆగినా న్యూరాన్లు బతికేలా చూడాలి.

అందులో కొంత కదలిక వచ్చింది. మిగ్లుస్టాట్ అనే మందుకి ఐరోపాలో 2009లో ఎన్‌పీసీ కోసం అనుమతి వచ్చింది. 2024 సెప్టెంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఒకే వారం తేడాలో రెండు మందులకి అనుమతి ఇచ్చింది. ఒకటి అరిమోక్లోమాల్, దీన్ని మిగ్లుస్టాట్‌తో కలిపి వాడాలి. రెండోది లెవాసెటైల్‌ల్యూసిన్. ఈ రెండోదానికి దగ్గరి చుట్టం లాంటి మందుని ఫ్రాన్స్‌లో 1957 నుంచి కళ్లు తిరగడానికి ఇస్తున్నారు. ఏదీ జబ్బుని పూర్తిగా నయం చేయదు, ఆగిన దారిని తెరవదు. జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేయడానికో, నడక, మాట లాంటివి కొంత మెరుగుపడటానికో వాడతారు.

మన దగ్గరికి వస్తే ఒక్క విషయం సూటిగా చెప్పాలి. ఎన్‌పీసీ రావాలంటే అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు పాడైన జీన్ కాపీలు రావాలి. ఒక్క కాపీ మాత్రమే పాడైన అమ్మానాన్నలకి సాధారణంగా ఏ లక్షణమూ ఉండదు, తమలో ఉందని కూడా తెలియదు. ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పులో 25 శాతం అవకాశం. మేనరికాల్లో భార్యాభర్తలిద్దరికీ తాతో అమ్మమ్మో ఒకరే కాబట్టి ఒకే పాడైన కాపీ ఇద్దరికీ చేరే అవకాశం పెరుగుతుంది. ఎన్‌పీసీ ఒక్కటే కాదు, ఇలా రెండు కాపీలు పాడైతే వచ్చే జబ్బులన్నిటికీ ఇదే లెక్క. మన ఇళ్లలో బావామరదళ్లు, మేనమామ సంబంధాలు మామూలు విషయం, ఎవరినీ తప్పు పట్టడానికి చెప్పట్లేదు. అలాంటి సంబంధం ఇంట్లో ఉండి, కారణం తెలియకుండా పిల్లలకి పైన చెప్పిన లక్షణాలుంటే, న్యూరాలజిస్టుని, జెనెటిక్ కౌన్సెలర్‌ని కలవండి. ఒకప్పుడు చర్మం ముక్క తీసి, కణాలు పెంచి, రంగు వేసి లైసోజోముల్లో కొలెస్ట్రాల్ మెరుస్తోందా అని చూడాల్సి వచ్చేది. ఇప్పుడు రక్తంలో కొన్ని కొలెస్ట్రాల్ అవశేషాలను కొలిచి అనుమానం పట్టుకుంటున్నారు, తర్వాత జీన్ పరీక్షతో ఖాయం చేసుకుంటారు.

నాన్నగారి గోళీ విషయం, వేసుకోవాలా ఆపాలా అనేది డాక్టర్‌గారే చెప్పాలి, నేను కాదు, వాట్సాప్ ఫార్వర్డ్ అసలే కాదు. వచ్చే ఎపిసోడ్‌లో ఈఆర్‌కీ మైటోకాండ్రియాకీ మధ్య ఉన్న ఆ సందులోకి వెళ్దాం. ప్రశ్నలుంటే కింద రాయండి, ఉంటా మరి.